ఏడు ఫ్లోర్లు ఫినిష్

మోకాళ్ల నొప్పులవారి కోసం ప్రభుత్వం కట్టిస్తున్న ఆస్పత్రిలో ఏడు ఫ్లోర్లు ఫినిష్ అయిపోయాయని నిర్మాణ శాఖ మంత్రిగారు సోమవారం ఉదయం పదకొండున్నరకు సభలో ప్రకటించారు. పునాది వేసిన నాలుగు నెలల్లో ఏడంతస్తులు లేపిన ప్రభుత్వం ఇంకెక్కడైనా ఉంటే చూపించమని సవాలు కూడా చేశారు. అధికారపక్షం వారు బల్లలు చరిచారు. ప్రతిపక్షం వారు కూడా ఆ ఊపులో రెండు దెబ్బలు చరిచి, తర్వాత నాలిక కరుచుకున్నారు.

ఆ సమయానికి ఆ ఆస్పత్రికి ఉన్నది ఒకటే అంతస్తు. అది కూడా నేలమీదిది. మోకాళ్లు పోయినవాళ్లు మెట్లెక్కలేరు కాబట్టి మేడ వద్దని మొదట్లోనే అనుకున్నారు. పైన మేడ వేయడానికి పునాదికి సత్తువ కూడా లేదు.

ఈ సంగతి ఆ శాఖలో అందరికంటే బాగా తెలిసినవాడు స్కేలు. స్కేలు అంటే బిల్డింగు ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్. ఇరవై ఆరేళ్ల కింద ఉద్యోగంలో చేరిననాడు చొక్కా జేబులో ఆరంగుళాల స్కేలు పెట్టుకుని వచ్చాడు. గీతలు గీసే బల్లలు పోయాయి, కంప్యూటర్లు వచ్చాయి. స్కేలు మాత్రం జేబులోంచి దిగలేదు. అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. మనిషి పెద్దగా మాట్లాడడు. మాట్లాడితే కొలతలే మాట్లాడతాడు.

మంత్రిగారి ప్రకటన అతను ఆఫీసులో భోజనం చేస్తూ టీవీలో చూశాడు. ముద్ద చేతిలోనే ఆగింది. ఎందుకంటే ఆ ఏడు అనే అంకె అతని చేతిమీదుగా వెళ్లిందే.

నేలమీద చివరగా పరిచేదాన్ని ఆ శాఖలో ఫ్లోర్ ఫినిష్ అంటారు. ఆ ఆస్పత్రిలో ఫినిష్‌లు ఏడు రకాలు. వరండాకు గరుకు రాయి, పేర్లు రాసే హాలుకు గ్రానైట్, వార్డుకు మెత్తటి వినైల్ పరుపు, స్నానాల గదులకు జారని టైల్స్, కసరత్తు గదికి రబ్బరు, డాక్టరు గదికి చెక్క, సూపరింటెండెంటుగారి గదికి పాలరాయి. బిల్డింగు బొమ్మను కంప్యూటర్లో కట్టేటప్పుడు, అంటే మోడలింగ్‌లో, వీటిని చూపించడానికి రెండు దారులున్నాయి. మొదటిది, కింద ఉన్న కాంక్రీటు పలకకే పైపైన రంగు పూసేయడం. పని పది నిమిషాల్లో అయిపోతుంది. రెండోది, ఒక్కో ఫినిష్‌ను దాని అసలు మందంతో విడి పలకగా కట్టి గదిలో పరచడం. దీనికి వారాలు పడుతుంది.

స్కేలు రెండో దారినే పోయాడు. రాయి మందం వేరు, రబ్బరు మందం వేరు. రంగు పూసినవాడికి ఆ తేడా కనిపించదు. కర్ర పట్టుకుని నడిచే మనిషికి మాత్రం గదికీ గదికీ మధ్య అర అంగుళం ఎత్తు తగిలినా పడిపోవడమే. అందుకని అతను అడుగున వేసే సిమెంటు మందాన్ని గదిగదికీ మార్చి, పైన ఏడు రకాల నేలలూ ఒకే మట్టానికి వచ్చేలా కట్టాడు. అంతా అయ్యాక కళ్లద్దాలు తుడుచుకుని, జీవితంలో మొదటిసారి తన పనిని తానే రెండుసార్లు చూసుకున్నాడు. వారపు నివేదికలో ఒక ముక్క రాశాడు. మల్టిపుల్ ఫ్లోర్ ఫినిషెస్, ఏడు, మోడలింగ్ పూర్తి.

ఆ కాగితం పైకి వెళ్లేకొద్దీ ప్రతి బల్ల దగ్గరా ఒక మాట తగ్గింది. అసిస్టెంటు ఇంజనీరుగారు మోడలింగ్ అన్న మాట ప్రభుత్వానికి గౌరవంగా ఉండదని కొట్టేశారు. ఆయన పై ఆయన మల్టిపుల్ తీసేశారు, ఏడంటేనే మల్టిపుల్ కదా అని. ఆ పై ఆయన పూర్తి తీసేశారు, ఫినిష్ అన్నా అదే కదా అని. మంత్రిగారి పీఏ దగ్గరికి వచ్చేసరికి మూడు మాటలు మిగిలాయి. ఫ్లోర్లు, ఏడు, ఫినిష్. పీఏగారు భాష తెలిసిన మనిషి. అందులో తప్పు ఏమీ కనిపించలేదు.

భోజనం సగంలో ఆపి స్కేలు ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు ఈఈగారి గదికి వెళ్లాడు. ఈఈగారు ఆ శాఖలో పదహారు మంది మంత్రులను చూసిన మనిషి. పదహారు మందీ ఆయన్ను చూడలేదు. అదే ఆయన సమర్థత.

"సార్, అది ఒకటే అంతస్తు సార్," అన్నాడు స్కేలు.

"నీకెవరు చెప్పారు?"

"గీసింది నేనే సార్."

"గీసింది నువ్వు. చెప్పింది మంత్రిగారు. ఇద్దరిలో ఎవరు పెద్ద?"

దీన్ని కొలవడానికా అన్నట్టు స్కేలు జేబులోని స్కేలు తడుముకున్నాడు. ఈఈగారు జాలిపడి, మంత్రిగారు తప్పు మాట్లాడరనీ, మాట్లాడాక దానికి తగ్గ కాగితం లేకపోవడమే తప్పనీ వివరించారు. ఆ కంప్యూటర్‌లో ఫ్లోర్లు ఎన్నున్నాయో లెక్క తీసి అచ్చు వేసుకు రమ్మన్నారు. ఆ సాఫ్ట్‌వేర్‌కు పరిచిన పలక ఏదైనా ఫ్లోరే. దానికి అంతస్తు, ఫినిష్ అనే తేడా లేదు. స్కేలు వెళ్లి అచ్చు తెచ్చి బల్లమీద పెట్టాడు. ఫ్లోర్లు, ఎనిమిది.

"ఎనిమిదా?" అన్నారు ఈఈగారు.

"అడుగున కాంక్రీటు పలక కూడా ఫ్లోరే సార్."

ఈఈగారు కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన కళ్లు చెమర్చాయి. "చూశావా. ఎనిమిది ఉండి కూడా ఏడే చెప్పారు. ఎంత అణకువ మనిషో."

మర్నాడు ఒక పత్రికలో ఈ అణకువ మీద సంపాదకీయం వచ్చింది. ఆ ఎనిమిదోదాన్ని వచ్చే సమావేశాల్లో ప్రకటించడానికి అట్టేపెట్టారు.

ఇక ఆ అచ్చు కాగితం కింద, లెక్క సరి చూడబడినది అన్న చోట సంతకం కావాలి. లెక్క తీసినవాడే పెట్టాలి. స్కేలు కలం తీశాడు కానీ మూత తీయలేదు. ఈఈగారు తొందరపెట్టలేదు. మీ మేనత్తగారి మోకాళ్లు ఎలా ఉన్నాయని అడిగారు. కొత్త ఆస్పత్రి కోసం ముందుగానే ఇచ్చిన టోకెను నంబరు ఎంతో గుర్తుందా అన్నారు.

నూట ఎనభై ఏడు, అన్నాడు స్కేలు.

ఆ ఆస్పత్రిలో రోజుకు ఇద్దరినే చూస్తారని, అంటే ఆవిడ వంతు వచ్చేసరికి మూడు నెలలు దాటుతుందని ఈఈగారే లెక్క వేసి చెప్పారు. సూపరింటెండెంటు తనకు తోడల్లుడని కూడా చెప్పారు. నూట ఎనభై ఏడులోంచి ఎనభై ఏడు తీసి, ఆ మిగిలిన నూరులో రెండు సున్నాలు తీసేస్తే ఎంతవుతుందని అడిగారు. ఒకటవుతుంది. స్కేలు కలం మూత తీశాడు.

స్కేలును పెంచింది ఆ మేనత్తే. ముప్పై రెండేళ్లు లాండ్రీలో నిలబడి ఇస్త్రీ చేసి పెంచింది. ఊరందరి మడతలూ సరిచేసిన మనిషికి ఇప్పుడు సొంత కాళ్లు మడత పడవు. ఎడమ మోకాలు మూడేళ్ల కింద పని మానేసింది. కుడిది దాన్ని చూసి నేర్చుకుంటోందని ఆవిడే అంటుంది. వంటగదికీ వసారాకీ మధ్య ఒక గడప ఉంటే స్కేలు దాన్ని తీయించేశాడు. అప్పటినుంచి ఆవిడ ఇల్లంతా కుర్చీని ముందుకు తోసుకుంటూ తిరుగుతోంది. ఆపరేషను చేస్తే నడుస్తుందని డాక్టరు చెప్పాడు. ఇంకో చలికాలం ఆలస్యమైతే చేసినా లాభం లేదని కూడా చెప్పాడు.

ఆ సాయంత్రం టోకెను ఒకటికి వచ్చిందని చెబితే ఆవిడ సంతోషించలేదు. ముందున్న నూట ఎనభై ఆరు మందికీ ఒక్కసారే ఏమైందని అడిగింది. తర్వాత అన్నం వడ్డిస్తూ, "ఏడంతస్తులటగా. నన్ను ఏ అంతస్తులో పడేస్తార్రా?" అంది.

"కిందే అత్తా. అన్నీ కిందే."

"అన్నీ కిందుంటే ఏడెలా అవుతాయి?"

"చెప్తే నీకు అర్థం కాదు."

"నీకైందా?"

స్కేలు మజ్జిగ కలుపుకున్నాడు.

ఇంతటితో ఆగేదే. కానీ ప్రతిపక్ష నాయకుడికి వారం తర్వాత అనుమానం వచ్చింది. ఐదో అంతస్తు చూడాలని ఉందని పత్రికలవాళ్ల ముందు అన్నాడు. నాలుగో ఆరో అడక్కుండా ఐదే ఎందుకు అడిగాడో ఎవరికీ తెలియలేదు. అందుకే అది పెద్ద కుట్ర అని తేలింది. ప్రారంభోత్సవం నాడు రండి, చూపిస్తాం అని మంత్రిగారు జవాబిచ్చారు. జవాబిచ్చాక పీఏగారిని స్కేలు దగ్గరికి పంపారు.

పీఏగారు కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చున్నారు. వెనక ఈఈగారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. స్కేలు బిల్డింగును పక్కనుంచి కోసినట్టు చూపించాడు. పొడుగ్గా, పొట్టిగా, ఒకటే వరసలో ఏడు గదులు.

"ఈ ఏడూ పక్కపక్కన ఎందుకున్నాయి?" అన్నారు పీఏగారు.

"గదులు పక్కపక్కన ఉన్నాయి సార్."

"అక్కడే వచ్చింది చిక్కంతా. ఒకదానిమీద ఒకటి పెట్టు."

స్కేలు ఈఈగారి వైపు చూశాడు. ఈఈగారు గోడమీద క్యాలెండర్ వైపు చూశారు. ఏడు నేలలూ ప్రతి గదిలోనూ ఒకదానిమీద ఒకటి పరిస్తే ఏమవుతుందో స్కేలు చెప్పడం మొదలుపెట్టాడు. మొత్తం మందం పదిహేడు అంగుళాలు అవుతుంది. తలుపులు పొట్టివైపోతాయి. ఏడడుగుల తలుపు ఐదడుగుల ఏడంగుళాలు మిగులుతుంది. గరుకు రాయి ఎవరికోసం తెచ్చామో వాళ్ల కాలికి అసలు తగలదు. పీఏగారు అంతా విని, ఒక్క ప్రశ్న అడిగారు. మంత్రిగారి ఎత్తు ఎంత? ఆయనే ఫోను చేసి కనుక్కున్నారు. ఐదడుగుల నాలుగంగుళాలు.

"ఇంకేం మరి. డిజైన్లో లోపం లేదు."

స్కేలు ఒక్కో నేలనూ పట్టుకుని పైకి జరిపాడు. జరిపినప్పుడల్లా తెరమీద ఒక హెచ్చరిక వచ్చింది. ఫలానా చోట ఫ్లోర్లు ఒకదాన్నొకటి తొక్కుతున్నాయి, సరిచూసుకోండి అని. అలాంటివి నలభై మూడు వచ్చాయి. మొదటిదాని దగ్గర స్కేలు చెయ్యి ఆగిపోతే పీఏగారే అతని చేతిలోంచి మౌస్ తీసుకున్నారు. ఇలాంటివి మా ఆఫీసుకు కూడా రోజూ వస్తాయని, మూసేస్తే పోతాయని చెప్పి, నలభై మూడూ మూసేశారు. ఆయన పనితీరులోని వేగం చూసి ఈఈగారు మురిసిపోయారు.

పోయే ముందు పీఏగారు ఇంకో సంగతి కనిపెట్టారు. ఏడూ ఒకదానికింద ఒకటి దాక్కుంటే జనం ఎలా లెక్కపెడతారు? అందుకని వరండాలో ఒక్కో నేలనూ ముందుదాని కంటే అడుగు లోపలికి జరపాలని, ప్రతిదాని అంచుమీదా ఒకటో అంతస్తు, రెండో అంతస్తు అని ఇత్తడి అక్షరాలు బిగించాలని ఆజ్ఞాపించారు.

"అంటే మెట్లు సార్," అన్నాడు స్కేలు.

"మెట్లు కావు. అంతస్తులు."

స్కేలుకు ఒక ఊరట మిగిలింది. అంతస్తులైనా మెట్లైనా, ఒక్కోటీ రెండున్నర అంగుళాల లోపే. పక్కన పట్టుకోవడానికి ఒక కమ్మీ ఉంటే అత్త ఎలాగో పైకి చేరుతుంది. పీఏగారు వెళ్లాక కుడిపక్కన కమ్మీ గీసి ఈఈగారికి చూపించాడు. ఈఈగారు ఎర్రసిరాతో కొట్టేశారు. ఒక అంతస్తునుంచి ఇంకో అంతస్తుకు కమ్మీ పట్టుకుని ఎక్కడం ఎక్కడైనా చూశావా అన్నారు. చక్రాల కుర్చీల కోసం ముందే కట్టిన వాలుదారి వరండా అంచుదాకా వచ్చి, ఒకటో అంతస్తును గుద్దుకుని ఆగింది. దాన్ని పార్కింగు కింద రాసుకున్నారు.

నేలలు పరిచే పని మట్టం మేస్త్రీది. ఆయన నేల పరిచాక ఎక్కడ గోలీ వేసినా అక్కడే ఉంటుంది కాబట్టి ఆ పేరు. స్కేలు కాగితాలు తీసుకుని సైటుకు వెళితే, మేస్త్రీ సిమెంటు బస్తా మీద కూర్చుని వాటిని చాలాసేపు చూశాడు. తలకిందులు చేసి కూడా చూశాడు.

"చెక్క మీద పాలరాయా బాబూ?"

"అవును."

"పాలరాయి మీద రబ్బరా?"

"ఆఁ."

"రబ్బరు మీద?"

"గ్రానైట్."

మేస్త్రీ కాగితం మడిచాడు. "ఎవరు గీశారిది?"

"కంప్యూటర్," అన్నాడు స్కేలు.

"ఆ కంప్యూటర్ను ఓసారి చెప్పుల్లేకుండా దీనిమీద నడిపించండి బాబూ," అని మేస్త్రీ లేచి పనిలోకి దిగాడు.

అయిదు వారాలు పట్టింది. ప్రతి నేలనూ అదే ఆఖరు అన్నంత శ్రద్ధగా పరిచారు. పాలరాయికి మూడు రోజులు మెరుగు పెట్టారు. నాలుగో రోజున దానిమీద జిగురు పూసి రబ్బరు అంటించారు. మెరుగు పెట్టకుండా కప్పేస్తే, బిల్లులకు ఆధారమైన కొలతల పుస్తకం ఒప్పుకోదు. కప్పే ముందు మేస్త్రీ గోలీ వేసి చూశాడు. గోలీ కదల్లేదు. దాన్ని జేబులో వేసుకుని, రబ్బరు చుట్ట విప్పమన్నాడు.

ఉద్యోగులను అంతస్తులవారీగా నియమించారు. ఒక్కో అంతస్తు అడుగు వెడల్పు కాబట్టి గుమాస్తాలు పక్కకు తిరిగి కూర్చున్నారు. చీటీలు రాసే గుమాస్తాను మూడునుంచి నాలుగో అంతస్తుకు మార్చినప్పుడు అది ప్రమోషనా బదిలీయా అన్న వివాదం వచ్చింది. ఆయన తన స్టూలు మీదినుంచి లేవకుండానే కాళ్లు ఎత్తి పైమెట్టు మీద పెట్టుకుని విధుల్లో చేరారు.

ప్రారంభోత్సవం నాడు ఎండ బాగా ఉంది. ఆవరణలో ముందు నాలుగు వరసల కుర్చీలు పెద్దలకు వేశారు. టోకెన్లున్న రెండు వందల పద్నాలుగు మంది మోకాళ్ల రోగులనూ వెనక క్యూలో నిలబెట్టారు. కుర్చీలు చాలలేదు.

మంత్రిగారు ఏడు అంతస్తులకూ ఏడు రిబ్బన్లు కత్తిరించారు. అంతస్తుకొక ప్రసంగం చేశారు. నాలుగో అంతస్తు దగ్గర ఆగి, రుమాలుతో మెడ తుడుచుకుని, కిందికి చూస్తే కళ్లు తిరుగుతున్నాయన్నారు. ఆయన చెయ్యి చాస్తే అందే దూరంలో కూర్చున్న మొదటి వరస వారు జాగ్రత్త అన్నారు. ఇత్తడి అక్షరాలు మెరుస్తుంటే ఫొటోగ్రాఫర్లు నేలమీద పడుకుని, కెమెరాలు పైకెత్తి తీశారు. ఆ ఫొటోల్లో అంతస్తులు నిజంగానే ఆకాశంలో కలిసిపోయాయి.

ప్రతిపక్ష నాయకుడు వచ్చాడు. మాట ప్రకారం అతన్ని ఐదో అంతస్తుకు తీసుకెళ్లారు. అతను వంగి, టైలును వేలితో కొట్టి చెవి పెట్టి విన్నాడు. లోపల గుల్లగా ఉందన్నాడు. ఐదో అంతస్తులో నాణ్యత లోపించిందని, తమ హయాంలో అయితే తొమ్మిది అంతస్తులు కట్టేవాళ్లమని, ఈ ప్రభుత్వం ప్రజలకు రెండు అంతస్తులు బాకీ పడిందని అన్నాడు. సభలో బలం తక్కువైనా అతని దగ్గర గణాంకాలు ఎప్పుడూ బలంగానే ఉంటాయి.

ఆ గోలలో ఒక విలేకరి, రోగులను ఎప్పటినుంచి చూస్తారని అడిగాడు. ఆ ప్రశ్న వస్తుందని ఎవరూ అనుకోలేదు. పీఏగారు ఒక క్షణం తడబడి, ఇప్పటినుంచే అన్నారు. మైకు అందుకుని ఒకటో నంబరును పిలిచారు.

మేనత్తను స్కేలు అద్దెకు తెచ్చిన చక్రాల కుర్చీలో వాలుదారి మీదుగా తోసుకొచ్చాడు. కుర్చీ ఒకటో అంతస్తును తాకి ఆగింది. ఆవిడ ఆ ఏడు అంచులనూ చూసింది, ఇత్తడి అక్షరాలను చూసింది.

"ఇవా?" అంది.

"ఇవే అత్తా. రెండున్నర అంగుళాలే ఒక్కోటి. నా చెయ్యి పట్టుకో."

ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో మేనల్లుడి చెయ్యి పట్టుకుని ఆవిడ లేచింది. ఒకటో అంతస్తు మీద కుడికాలు పెట్టి, ఎడమకాలిని దాని పక్కకు లాక్కుంది. రెండోది కూడా అలాగే ఎక్కింది. మూడోదానికి వచ్చేసరికి పీఏగారు స్కేలు చెవి దగ్గరికి వంగారు.

"ఫొటోలో నీ చెయ్యి పడుతోంది. వదులు."

"పడిపోతుంది సార్."

"ఆపరేషను చేయించాలనుందా లేదా? వదులు."

స్కేలు అత్త ముఖం చూశాడు. ఆవిడ అతన్ని చూడట్లేదు, నాలుగో అంతస్తును చూస్తోంది. అతను చెయ్యి వదిలాడు.

అక్కడినుంచి ఆవిడ ఒక్కతే ఎక్కింది. ముప్పై రెండేళ్లు నిలబడ్డ మనిషికి ఒక మొండితనం ఉంటుంది. కర్ర ముందు పెడుతుంది, పళ్లు బిగిస్తుంది, కాలు ఎత్తుతుంది. ఎత్తినప్పుడల్లా గొంతులోంచి ఒక మూలుగు వస్తుంది. మైకులో పీఏగారు నాలుగో అంతస్తు, ఐదో అంతస్తు అని లెక్కపెడుతుంటే జనం చప్పట్లు కొట్టారు. ఆరో అంతస్తు దగ్గర ఆవిడ ఆగి ఏదో అంది. మైకు దగ్గరగా ఉండడంవల్ల అందరికీ వినిపించింది. అది పత్రికల్లో రాసేది కాదు. ఏడో అంతస్తు చేరేసరికి చీర వీపు మొత్తం చెమటతో తడిసింది. స్కేలు పక్కనుంచి ఎగబాకి వెళ్లి పట్టుకున్నాడు.

మంత్రిగారు మైకు అందుకున్నారు. మూడేళ్లుగా మంచం దిగని ఒక తల్లి, ఈ ఆస్పత్రిలో అడుగుపెట్టిన మూడు నిమిషాల్లో ఎవరి సాయమూ లేకుండా ఏడంతస్తులు ఎక్కిందని ఆయన ప్రకటించారు. మందు లేదు, సూది లేదు, కోత లేదు అన్నారు. ప్రపంచ వైద్యులంతా వచ్చి చూసి పోవాలన్నారు. ప్రతిపక్ష నాయకుడు కూడా ఈసారి కావాలనే చప్పట్లు కొట్టాడు.

సూపరింటెండెంటుగారు ఏడో అంతస్తు మీద చిన్న బల్ల వేసుకుని కూర్చున్నారు. ఆయన రూల్సు మనిషి. చేర్చుకునే ఫారంలో మూడో పేరా అందరికీ వినపడేలా చదివారు. ఒక అంతస్తైనా ఎక్కలేనివారు మాత్రమే ఈ ఆస్పత్రిలో చికిత్సకు అర్హులు. ఆయన ఆవిడ కాళ్లవైపు చూడలేదు, ఇత్తడి అక్షరాలవైపు చూశారు. మేనత్త చేతిలోని టోకెను తీసుకుని, ముద్ర వేసి, సంతకం పెట్టి తిరిగి ఇచ్చారు.

"డాక్టరుగారు ఏ గదిలో ఉన్నారు సార్?" అని అడిగాడు స్కేలు.

"ఆవిడకు డాక్టరుతో ఏం పని?"

స్కేలు టోకెను మీద ముద్ర చదివాడు. ఇరవై ఆరేళ్లలో అతను పెద్దల ముందు గొంతు పెంచడం అదే మొదలు.

"సార్. ఆవిడ ఎక్కింది పదిహేడు అంగుళాలు."

విలేకరి కలం తీశాడు. పీఏగారు మైకు మీద చెయ్యి వేసి మూశారు. ఈఈగారు మాత్రం కంగారుపడలేదు. లోపలి జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి, ఒక్కో మడతా విప్పి, స్కేలు ముందు పట్టుకున్నారు. ఫ్లోర్లు అన్నచోట ఒక వేలు పెట్టారు. లెక్క సరి చూడబడినది అన్నచోట ఇంకో వేలు పెట్టారు.

"ఈ సంతకం ఎవరిది నాయనా?" అని మెత్తగా అడిగారు.

స్కేలు చూశాడు. అతని సంతకం చిన్నప్పటినుంచీ గుండ్రంగా, స్పష్టంగా ఉంటుంది. వేరే ఎవరిదీ అనుకోవడానికి వీల్లేదు. విలేకరి కలం మూత పెట్టేశాడు.

మేనత్తకు నిలబడే ఓపిక అయిపోతోంది. నేను ఇక్కణ్ణుంచి దిగేదెలాగ బాబూ, అని సూపరింటెండెంటుగారిని అడిగింది. నయమైనవాళ్లకు దిగడం ఏమంత కష్టం కాదమ్మా అని ఆయన ఓదార్చారు. ఆవిడ చేతిలోని టోకెనును అటూ ఇటూ తిప్పి చూసింది. కళ్లజోడు ఇంట్లో మర్చిపోయింది.

"ఏం రాశార్రా ఇందులో?"

"నయమైందని రాశారు అత్తా."

ఆవిడ ఏడు అంచులనూ పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది.

"ఎవరికట?" అంది.

పీఏగారు మైకు మీద చెయ్యి తీసి రెండో నంబరును పిలిచారు. రెండో నంబరు ఒక రిటైరైన పోస్ట్‌మన్. రెండు చేతికర్రల మీద పొద్దున్నుంచి నిలబడి ఉన్నాడు. పిలుపు విని అతను కర్రలు రెండూ పక్కన పెట్టి, జాగ్రత్తగా, నొప్పిగా, ఉన్నచోటే నేలమీద కూర్చుండిపోయాడు. అతన్ని చూసి మూడో నంబరు కూర్చుంది. తర్వాత నాలుగు, ఐదు. చూస్తుండగానే క్యూ మొత్తం చివరిదాకా మట్టిలో చతికిలబడింది.

ఏడో అంతస్తు మీదినుంచి మంత్రిగారు అది చూసి, తనకే మొక్కుతున్నారనుకుని కదిలిపోయి, చేతులు జోడించారు.